సున్నా కింది అంకెలు

ఆ వేసవిలో ఒక్క చుక్క వాన పడలేదు. అయినా రిజర్వాయరులో నీళ్లు పెరిగాయి. తొమ్మిది రోజులపాటు రోజూ పెరిగాయి. అదీ మా అమ్మ ఎంత రాస్తే అంతే.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. నాన్న రిజర్వాయరు దగ్గర గేజి మనిషి. గట్టు లోపలివైపు నీళ్లలోకి దిగే రాతిమెట్లు ఉంటాయి. ఆ మెట్ల పక్క గోడ మీద తెల్లరంగుతో అడుగులూ పాయింట్లూ గీసి ఉంటాయి. నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో రోజూ సాయంత్రం ఐదింటికి చూసి ఆఫీసుకి చెప్పడం ఆయన పని. ఇరవై రెండేళ్లుగా అదే పని.

అమ్మది నీళ్లు లేని పని. ఆవిడ పిల్లల కోసం రాస్తుంది. కుందేళ్లూ తాబేళ్లూ కాదు. పదమూడేళ్లు దాటినవాళ్లు దుప్పటి ముసుగేసుకుని, భయపడుతూ, పేజీ తిప్పకుండా ఉండలేక చదివే రకం. వాన దారి మరిచిపోయిన ఊళ్లు, సముద్రం మింగిన వీధులు, ఎండకి కరిగిపోయిన రోడ్ల మీద నడుచుకుంటూ పోయే పిల్లలు. మూడు నవలలు వచ్చాయి. మూడూ బాగా అమ్ముడుపోయాయి. ఎదురింటి టైలరమ్మ మాత్రం, "మీ అమ్మ కలం పెడితే పాలగిన్నె కూడా ఎండిపోతుందే" అనేది.

నాన్న సరిగ్గా ఆరింటికి ఇల్లు చేరేవాడు. చెప్పులు వదిలి, వంటింటి గుమ్మంలో ఫ్రిజ్ పక్కన నిలబడేవాడు. అమ్మ పొయ్యి మీంచి తల తిప్పకుండానే, "ఈ రోజు ఎంత?" అనేది. ఆయన అంకె చెప్పాకే గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చేది. పెళ్లయిన కొత్తలో వేళాకోళానికి మొదలుపెట్టారట. తర్వాత ఎవరూ ఆపలేదు. నేను అక్షరాలు నేర్చుకోకముందే నీటిమట్టాలు నేర్చుకున్నాను.

ఆ వేసవి సెలవులకి ఒక పత్రికవాళ్లు పిల్లల పేజీలో రోజూ అచ్చయ్యే సీరియల్ రాయమని అమ్మని అడిగారు. యాభై రోజులు, యాభై భాగాలు. ఒక ఊరు, ఎండిపోతున్న ఒక రిజర్వాయరు, అక్కడ నీళ్లు కొలిచే ఒక గేజి మనిషి. ఏ రోజు భాగానికి ఆ రోజు నీటిమట్టమే శీర్షిక.

"కథ అబద్ధమైనా పరవాలేదు. అంకె నిజంలా ఉండాలి," అంది అమ్మ. నాన్న పాత నోటుబుక్కులు పదేళ్లవి ముందేసుకుని, వేసవిలో నీళ్లు రోజుకి ఎంత తగ్గుతాయో చూసి, ఒక పెద్ద అట్ట మీద యాభై గడులు గీసి, ప్రతి గడిలోనూ ఒక అంకె రాసింది. దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మొదటి గడిలో ఆ రోజు నిజంగా ఉన్న నీటిమట్టమే, పద్దెనిమిది అడుగులు. నలభై ఏడో గడిలో సున్నా. ఆ సున్నా కింద చిన్న అక్షరాలు: "గేజి మనిషి నిజం చెప్తాడు." నలభై ఎనిమిదో గడిలో: "గేజి మనిషి కనిపించడు."

"నన్నేనా చంపేస్తున్నావు?" అన్నాడు నాన్న.

"చంపడం లేదండీ. కనిపించకుండా పోతారు. రెండూ ఒకటి కాదు."

"అమ్మయ్య. బతికించావు."

రెండో రోజు గడిలో పదిహేడు పాయింట్ ఆరు అని ఉంది. సాయంత్రం నాన్న వచ్చి, "పదిహేడు పాయింట్ ఏడు," అన్నాడు.

"ఒక్క పాయింట్ తేడా!" అమ్మ గరిటె పట్టుకునే చప్పట్లు కొట్టింది. "చూశావా, మీ నాన్న గోడకీ నా అట్టకీ ఒక్క పాయింటే దూరం."

మూడో రోజు ఆ ఒక్క పాయింటు కూడా లేదు.

నాలుగో రోజూ లేదు. ఐదో రోజూ లేదు. అమ్మ చాలా సంబరపడింది. ఎనిమిదో రోజుకి సంబరం తగ్గింది. పదకొండో రోజు సాయంత్రం నాన్న గుమ్మంలో నిలబడి, "పద్నాలుగు," అనగానే ఆవిడ పొయ్యి దగ్గర్నించి నెమ్మదిగా వెనక్కి తిరిగింది. అట్ట వంక చూసింది. పద్నాలుగు.

"పాయింట్లేమీ లేవా?"

"లేవు. పద్నాలుగే."

గ్లాసు ఇస్తున్నప్పుడు కూడా అమ్మ చూపు అట్ట మీదే ఉంది. నీళ్లు కొంచెం నేల మీద పడ్డాయి. మా ఇంట్లో నీళ్లు ఒలకడం నేను అదే మొదటిసారి చూడటం.

ఎవరినైనా అడిగి సరిచూసుకుందామంటే దారి లేదు. మామూలుగా ఆఫీసు గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉంటుంది. దాని మీద రోజూ నీటిమట్టం సుద్దముక్కతో రాస్తారు. సీరియల్ మొదలైన వారంలోనే ఆ బోర్డు తీసేశారు, రంగు వెయ్యాలని. రంగుకి వెళ్లిన బోర్డు మళ్లీ తిరిగి రాలేదు. ఊళ్లో నీళ్లెన్ని ఉన్నాయో తెలిసిన మనిషి ఒక్క నాన్నే. ఆయన చెప్పే అంకె ఆయన చూడకముందే మా ఫ్రిజ్ మీద ఉంటోంది.

పదిహేనో రోజుకల్లా అమ్మ నలభై ఏడు, నలభై ఎనిమిది గడుల మీద కేలండరు కాయితం అంటించేసింది. "ఏమండీ, ఆ రెండు రోజులూ మీరు సెలవు పెట్టండి," అంది.

"ఎందుకు?"

"ఊరికే. ఇంట్లో ఉండండి. నా ఎదురుగా కూర్చోండి."

"ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ అలా అడగలేదు నువ్వు," అన్నాడు నాన్న. నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. అప్పుడు నేననుకున్నాను, ఈయనకీ భయమేస్తోందని. భయమేస్తున్న మాట నిజమే. దేనికన్నది మాత్రం తప్పుగా అనుకున్నాను.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం వీధంతా ఎండకి కళ్లు మూసుకుని పడుకుంది. ఫ్యాను గాలి కూడా వేడిగా తగులుతోంది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి అమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది, చేతిలో జిగురుసీసా. పందొమ్మిదో గడిలో పది పాయింట్ ఎనిమిది అని ఉండాలి. దాని మీద తెల్లకాయితం ముక్క అంటించి, కొత్త అంకె రాస్తోంది.

పదకొండు పాయింట్ తొమ్మిది.

"నిన్న పదకొండు పాయింట్ రెండు కదమ్మా. ఇవాళ పెరుగుతుందా?"

"పెరగదు. వాన లేకుండా ఎలా పెరుగుతుంది?" అంది అమ్మ. "అందుకే రాశాను. ఇవాళ మీ నాన్న వేరే అంకె చెప్తారు. ఈ పీడ వదిలిపోతుంది. పత్రికకి పాత అంకె ఎలాగూ పంపేశాను. ఇది మన ముగ్గురికే."

"నాన్నకి చెప్పావా?"

"చెప్తే పరీక్ష ఎలా అవుతుందే?"

ఆ సాయంత్రం ఆరు ఎంతకీ అవలేదు. అమ్మ పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయింది. చెప్పులు వదిలిన చప్పుడు. గుమ్మంలో నాన్న. ముఖమంతా దుమ్ము, కళ్ల కింద నల్లగా.

"ఈ రోజు ఎంత?"

నాన్న నోరు తెరిచాడు. క్షణం ఆగాడు.

"పదకొండు పాయింట్ తొమ్మిది."

నేను అట్ట మీది కాయితం ముక్క వంక చూశాను. అమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. ఆయన తాగుతున్నంతసేపూ ఆయన గొంతు వంకే చూస్తూ నిలబడింది. తర్వాత నవ్వింది. పదిరోజులుగా నవ్వని మనిషి. ఆ నవ్వు బావుంది, నాకు నచ్చలేదు.

మర్నాటి నుంచి అమ్మ నీళ్లు పోయడం మొదలుపెట్టింది. నేను అలాగే అనుకునేదాన్ని, నీళ్లు పోస్తోంది అని. పొద్దున లేవగానే జిగురుసీసా, కాయితం ముక్క, ఒక అంకె. పన్నెండు పాయింట్ మూడు. పన్నెండు పాయింట్ తొమ్మిది. సాయంత్రం నాన్న వచ్చి అదే అంకె చెప్పేవాడు. రోజురోజుకీ గొంతు తగ్గించి చెప్పేవాడు.

సీరియల్ కూడా మారిపోయింది. ఎండిపోవాల్సిన ఊరికి నీళ్లు తిరిగొచ్చాయి. ఎక్కణ్నించి వచ్చాయో ఎవరికీ తెలియదు, నీళ్లు మాత్రం మెట్టుమెట్టు ఎక్కుతున్నాయి. పత్రిక ఎడిటరు ఫోన్ చేసి, "భయం తగ్గిపోతోందండీ, పిల్లలు ఒప్పుకోరు," అంది. అమ్మ, "నేను ఇలాగే రాయాలి," అని పెట్టేసింది. నావైపు తిరిగి, రహస్యం చెప్పినట్టు, "తొందరపడకూడదు. ఒకేసారి ఎక్కువ రాస్తే గట్టు తెగుతుంది," అంది.

నేను కిటికీలోంచి ఆకాశం చూశాను. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ.

ఆ వారంలోనే కుళాయి దగ్గడం మొదలుపెట్టింది. తిప్పగానే ముసలివాళ్లలా రెండుసార్లు దగ్గి, గాలి వదిలి, ఆ తర్వాత నీళ్లు. నీళ్లు టీ రంగులో ఉండేవి. ఒకరోజు బకెట్‌లో గోరంత నత్త వచ్చింది, బతికే ఉంది. బకెట్ గోడ మీద పైకి పాకుతోంది.

"కొత్తనీరు కదా, మట్టి కొట్టుకొస్తుంది," అంది అమ్మ.

టైలరమ్మ వీధిలోంచే అరిచింది. "వదినా, నీళ్లు పాచి వాసనేస్తున్నాయి. డ్రమ్ము కొని నింపుకోమంటావా? మీ ఆయన ఏమంటున్నాడు?"

"అక్కర్లేదు వదినా! నీళ్లు పెరుగుతున్నాయి. వారంలో పైదాకా వస్తాయి."

"వానెక్కడుందే తల్లీ?"

"వస్తాయన్నానుగా."

టైలరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధివీధంతా పాకింది, గేజి మనిషి పెళ్లామే చెప్పింది, నీళ్లు పెరుగుతున్నాయట అని. మర్నాడు మేడల మీద బట్టలు, దుప్పట్లు. గుమ్మాల ముందు బళ్లు కడుగుతున్నారు. మురికిగా ఉన్నాయని బకెట్లకి బకెట్లు కాలవలో పారబోస్తున్నారు, తేటగా వచ్చేదాకా. కాలవ నిండుగా పారింది. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ల వంక బిడ్డని చూసినట్టు చూసింది.

నాన్న నన్ను ఇన్‌స్పెక్టరమ్మా అని పిలిచేవాడు. ఏదైనా నా కళ్లతో చూస్తే గానీ నమ్మనని. ఇరవై ఎనిమిదో రోజు, అమ్మ పదిహేను పాయింట్ ఆరు అని అంటించిన పొద్దున, నేను సైకిలు తీశాను.

మిట్టమధ్యాహ్నానికి గట్టు ఎక్కాను. గేటు తీసి ఉంది, కాపలా గదిలో ఎవరూ లేరు. గట్టు మీదికి రాగానే మొదట చూసింది చెవులు. నీళ్లున్నచోట ఒక చప్పుడుంటుంది, ఒడ్డుని తడుతూ. అది లేదు. దాని బదులు ఎక్కడో కిందనించి తుమ్మెద రొదలాంటి మోత.

తర్వాత కళ్లు చూశాయి.

రిజర్వాయరు లేదు. ఉన్నదంతా పగిలిన బురద. కనుచూపు మేర పలకలు పలకలుగా, ఎవరో కావాలని పేర్చినట్టు. మధ్యలో, చాలా లోతుగా, ఒక పెద్ద హాలంత నల్లటి మడుగు. అందులో ఒక తెప్ప, తెప్ప మీద రెండు ఇంజిన్లు. వాటి గొట్టాలు బురద మీద పాముల్లా పాకుతూ పైకి, ఊరికెళ్లే పైపు దాకా. అవతలి గట్టు దగ్గర, ఎప్పుడూ మూసి ఉండే రెండో తూము తలుపు తెరిచి ఉంది. దాని కింద కాలవ ఎండలో తెల్లగా, ఊరవతల కట్టిన కొత్త ఫ్యాక్టరీ వైపు.

నేను గేజి మెట్లు దిగాను. గోడ మీద తెల్ల అంకెలు నాతోపాటు దిగాయి. పదిహేను పాయింట్ ఆరు నా తలకి ఎంతో పైన, ఎండిపోయి ఉంది. పది. ఐదు. ఒకటి. సున్నా.

సున్నా అంటే ఊరి తూము నోరు. దాని కిందికి గవర్నమెంటు అంకెలు ఉండవు. అక్కడికి దిగితే నీళ్లు వాటంతటవి ఊరికి రావు.

కానీ అంకెలు ఉన్నాయి. సున్నా కింద నల్లరంగుతో, చేత్తో రాసినవి. ఒకటి. రెండు. మూడు. వాటి మధ్య వెంట్రుకంత సన్నగా పాయింట్ల గీతలు. మూడు అంకె తోకకి చిన్న కొక్కెం. నా పుస్తకాల అట్టల మీద క్లాసు, నంబరు రాసే చెయ్యి అది. మా నాన్న ఎవరికీ చెప్పని అంకెలు పాతాళంలోకి రాసుకుంటూ వెళ్లాడు.

చివరి మెట్టు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన రంగుడబ్బా, మోకాళ్ల మీద టేపు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు.

"వచ్చావా, ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాడు. "ఎప్పుడొస్తావా అని చూస్తున్నా."

"ఎంత నాన్నా?"

"సున్నా కింద మూడు పాయింట్ నాలుగు. ఐదింటికి ఇంకో పాయింటు పోతుంది."

"మరి ఇంట్లో..."

"మూడో రోజున రెండో తూము ఎత్తారమ్మా, ఫ్యాక్టరీకి. అంకె బయటికి పొక్కితే ఉద్యోగం ఉండదన్నాడు ఇంజినీరు. ఇంట్లో కూడా చెప్పకూడదన్నాడు. ముఖ్యంగా మీ ఇంట్లో చెప్పకూడదన్నాడు." నాన్న బురద వంక చూస్తూ చెప్పాడు. "అబద్ధం ఆడటానికి కూడా ఊహ కావాలి. అది మీ అమ్మకుంది, నాకెక్కడిది? ఇరవై రెండేళ్లుగా గోడ మీద రాసి ఉన్నదే చదివాను. రాయని అంకె నా నోట రాదు. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డాను. అడిగింది. ఎదురుగా ఫ్రిజ్ మీద అంకె కనిపించింది. చదివేశాను."

"ఒక పాయింటు అటూ ఇటూ చేసి చెప్పొచ్చుగా?"

ఆయన నావైపు అయోమయంగా చూశాడు. ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆయన్ని అలాంటి పని చెయ్యమనలేదు.

"మరి పెరిగినప్పుడు?"

"ఆ రోజు నాకూ గుండె ఆగినంత పనైంది. తప్పు రాసిందేమో అనుకున్నా. అనేసిన తర్వాత మీ అమ్మ మొహం చూశా. నవ్వింది." టేపు చుట్టుకున్నాడు. "ఆ తర్వాత ఏ రోజు ఆపమంటావు చెప్పు."

"ఎన్నాళ్లకి వస్తాయి నాన్నా ఈ నీళ్లు?"

"జాగ్రత్తగా వాడితే ఇరవై రోజులు. ఇప్పుడు వాడుతున్నట్టు వాడితే తొమ్మిది."

మా వీధి కాలవ నిండుగా పారడం నాకు గుర్తొచ్చింది.

"అమ్మకి చెప్పకు," అన్నాడు. "నేనే చెప్తాను. రేపు."

నిన్న కూడా ఆయన అలాగే అనుకుని ఉంటాడు. మొన్న కూడా.

ఆరుకి ఐదు నిమిషాలు తక్కువ. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది. నేను ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, ఇరవై ఎనిమిదో గడి మీద ఇంకో కాయితం ముక్క అంటించి, పెన్సిలుతో రాశాను. చెప్పకు అన్నాడు గానీ రాయకు అనలేదు.

చెప్పుల చప్పుడు. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ రోజు ఎంత?"

ఆయన కళ్లు అలవాటుగా అట్ట మీదికి వెళ్లాయి. అక్కడే ఆగిపోయాయి. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు. ఎక్కడో కుళాయి దగ్గింది. నాన్న నావైపు చూడలేదు.

"సున్నా కింద," అన్నాడు. "మూడు పాయింట్ ఐదు."

అమ్మ వెనక్కి తిరిగింది. ముందు నాన్నని చూసింది, తర్వాత అట్టని, ఆ తర్వాత నన్ను. దగ్గరికొచ్చి కాయితం ముక్క మీద వేలు పెట్టి చదివింది. సున్నా కింద మూడు పాయింట్ నాలుగు.

"ఒక పాయింట్ తేడా ఉంది," అంది నెమ్మదిగా.

"పొద్దుటి నుంచి దిగింది," అన్నాడు నాన్న.

అమ్మ పొయ్యి ఆపేసింది. గ్లాసు నింపింది. ఆయనకి ఇచ్చేముందు దాన్ని వెలుతురుకి పట్టి చూసింది, టీ రంగులో ఉన్న ఆ నీళ్లని. ఏడుస్తుందేమో అనుకున్నాను, అరుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, "మొదట్నించీ చెప్పండి," అంది. ఆయన చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి అన్నం చల్లారిపోయింది.

"నలభై ఏడో రోజుది రేపే వేసేస్తాను," అంది అమ్మ చివరికి. "గేజి మనిషి నిజం చెప్తాడు. రాయనా?"

ఆ తర్వాతి గడిలో ఏముందో ముగ్గురికీ తెలుసు. దాని మీది కేలండరు కాయితం ఫ్యాను గాలికి చివర లేచి కొట్టుకుంటోంది.

"రాయి," అన్నాడు నాన్న. "నీ రాత మీద నాకు నమ్మకం ఎక్కువ. రాయకుండా ఉంటేనే ఇప్పుడు భయం."

మర్నాడు పిల్లల పేజీలో శీర్షిక: సున్నా కింద మూడున్నర. కథలో గేజి మనిషి అన్నీ చెప్పేశాడు, రెండో తూము, తెప్ప, ఇంజిన్లు, మిగిలిన రోజులు. తొమ్మిదింటికల్లా మా గుమ్మం ముందు జీపు ఆగింది. ఇంజినీరు లోపలికి రాలేదు. పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"కథండీ."

"ఇందులో అంకె మా ఆఫీసు అంకె."

"అలాగా? ఆఫీసు అంకె సున్నా కింద ఉందా? నాకు తెలియదే. బోర్డు తీసేశారు కదా."

ఇంజినీరు పత్రికని ఇంకో చంకలోకి మార్చాడు. టైలరమ్మ మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ చేతిలోనూ అదే పత్రిక. ఇంజినీరు ఆవిడని చూసి గొంతు తగ్గించాడు. "మీ ఆయన్ని ఒకసారి ఆఫీసుకి రమ్మనండి. నేనే తీసుకెళ్తాను."

నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. జీపు ఎక్కుతూ నావైపు చూసి, "సాయంత్రం కలుద్దాం, ఇన్‌స్పెక్టరమ్మా," అన్నాడు. ఎప్పుడూ అలా చెప్పి వెళ్లే మనిషి కాదు.

ఆరయింది. చెప్పుల చప్పుడు లేదు. ఆరున్నర. అమ్మ అట్ట మీది కేలండరు కాయితం పీకేసింది. "గేజి మనిషి కనిపించడు." ఆవిడ చేతిరాతే. ఆ మూడు మాటల్ని పెన్నుతో కొట్టేసింది. ఇంకోసారి కొట్టేసింది. అట్ట చిరిగి కింద ఫ్రిజ్ తెల్లగా కనిపించేదాకా కొట్టేస్తూనే ఉంది. నేను ఆపలేదు. నేను కూడా అది పనిచేస్తుందనే అనుకున్నాను.

ఏడున్నరకి మసక చీకట్లో ఒక మనిషి నడిచొస్తూ కనిపించాడు. జీపులో తీసుకెళ్లినవాళ్లు తిరిగి దింపలేదు. గట్టు తాళంచెవి తీసేసుకున్నారు. గుర్తింపుకార్డు, టేపు, రంగుడబ్బా కూడా. ఇరవై రెండేళ్ల ఉద్యోగానికి ఒక కాయితం ఇచ్చి గేటు బయట వదిలేశారు. గేజి మనిషి నిజంగానే కనిపించకుండా పోయాడు. ఇంటికొచ్చింది మా నాన్న ఒక్కడే.

చెప్పులు వదిలి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ "ఈ రోజు ఎంత?" అంది.

"తెలియదు," అన్నాడు నాన్న.

ఆ మాట ఆ గుమ్మంలో ఎప్పుడూ వినలేదు. అమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. ఆయన మొత్తం తాగేదాకా ఆగి, ఎడిటరుకి ఫోన్ చేసింది. "రేపటి శీర్షిక రాసుకోండి. తెలియదు."

అవతల ఎడిటరు గొంతు నాకు వినిపించింది. "అదేంటండీ, అంకె ఏది?"

"అంకె చెప్పే మనిషిని తీసేశారు. అంతే. కింద ఒక్కటే వాక్యం వెయ్యండి. వెళ్లి చూసుకోండి, అని."

పొద్దున్న వీధి చప్పుడుకి మెలకువ వచ్చింది. చాలా చెప్పులు ఒకే వైపు నడుస్తున్న చప్పుడు, మాటలు లేకుండా. కిటికీలోంచి చూస్తే పిల్లలు. మా బడివాళ్లు, వేరే బడివాళ్లు, నాకు తెలియనివాళ్లు, చేతుల్లో పత్రికలు. వాళ్ల వెనక, వాళ్లని ఆపడానికి బయల్దేరి ఆపలేక నడుస్తున్న అమ్మానాన్నలు. అమ్మ మూడో నవలలో ఇలాంటి పొద్దున ఒకటి ఉంది. అది గుర్తొచ్చి నాకు భయమేసింది. అయినా చెప్పులేసుకున్నాను.

గట్టు గేటుకి తాళం ఉంది. నాలుగు వందలమంది ఒకేసారి ఆనుకుంటే తాళం ఎంతసేపని ఉంటుంది? గట్టు మీదికి వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆగిపోయారు. ఎవరూ అరవలేదు. అంతమంది ఉన్నా కింద తెప్ప మీది ఇంజిన్ల మోత స్పష్టంగా వినిపించింది. తర్వాత పిల్లలు మెట్లు దిగడం మొదలుపెట్టారు, గోడ మీది అంకెల్ని పైకి చదువుకుంటూ. సున్నా దగ్గర ఒక్క క్షణం గొంతులు ఆగాయి. ఆ తర్వాత నాన్న చేతిరాతని చదవడం మొదలుపెట్టాయి.

ఆ మధ్యాహ్నమే రెండో తూము మూశారు. వీధివీధికీ డ్రమ్ములు నింపుకోమని మైకులో చెప్పారు. వాన పద్దెనిమిది రోజుల తర్వాత వచ్చింది. ఆ పద్దెనిమిది రోజులూ ఎలా గడిచాయో అది వేరే కథ, అమ్మ రాసింది. ఆ తర్వాత కూడా ఆవిడ చాలా పుస్తకాలు రాసింది. ఏ పుస్తకంలోనూ అంకె వెయ్యలేదు.

కానీ ఇదంతా తర్వాత. ఆ పొద్దున ఇంకా నీళ్లెంతో ఎవరికీ తెలియదు. నాన్న రాసిన చివరి గీత కూడా నీళ్లకి పైనే, ఎండిపోయి ఉంది. నాన్న గట్టు చివర, గేటు లోపలికి అడుగు పెట్టకుండా నిలబడ్డాడు. ఆఫీసువాళ్లు రావద్దన్నారని. అప్పుడు టైలరమ్మ ఆయాసపడుతూ ఆఖరి మెట్టు దాకా దిగింది. మెడలోంచి టేపు తీసి, ఒక కొస నాన్న గీసిన గీత మీద బొటనవేలితో అదిమి, మిగతాది నీళ్లలోకి వదిలింది. వంగి చూసింది. పైకి ఏదో చెప్పింది. ఆ మాట మెట్టుమెట్టుకీ, ఒక పిల్ల నోటినించి ఇంకో పిల్లాడి నోటికి, నీళ్ల బిందె అందించుకున్నట్టు పైకి వచ్చింది.

"సున్నా కింద నాలుగు పాయింట్ మూడు!"

పక్కనే నిలబడ్డ అమ్మ నాన్న వైపు చూసింది. ఏమీ అడగలేదు. ఆయన కళ్లు చిట్లించి కింద నీళ్ల వంక చూశాడు.

"టేపు వదులుగా పట్టుకుంది," అన్నాడు. "ఒక పాయింట్ తేడా ఉంటుంది."